స్నానాల గదిలో దీపం: గూటి ప్రమిద నుండి ఎల్.ఇ.డి. దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. కోటల గురించి, శాసనాల గురించి, స్వాతంత్ర్య సమరం గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది వున్నారు. నేను జీవితమంతా ఫైళ్ళకు నోటు పెట్టిన గుమాస్తాని. అందుచేత మన ఇళ్ళన్నింటిలోకి చిన్న గదినీ, ఆ గది కప్పుకు వ్రేలాడే దీపాన్నీ ఎన్నుకొన్నాను. ఇదేమి విషయమయ్యా అని నవ్వుకొనేవారు దయచేసి చివరి వరకు చదవండి. ఈ దీపం సంగతి ఆలస్యంగా తెలుసుకొన్నందుకు మా ఇంట్లో చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

గదీ లేదు, దీపమూ లేదు

మా చిన్నతనంలో కృష్ణా జిల్లా పల్లెల్లో స్నానానికంటూ ప్రత్యేకమైన గది చాలా ఇళ్ళలో వుండేది కాదు. మగవాళ్ళకు బావి గట్టు, ఆడవాళ్ళకు పెరట్లో తాటాకు దడి. కాళ్ళక్రింద ఒక నాపరాయి, ప్రక్కన పొయ్యిమీద నీళ్ళకాగు. స్నానమంటే సూర్యుడు వుండగా చేసేదే కనుక అక్కడ దీపం అవసరం పడేది కాదు. ఏడాదిలో రెండు మూడు రోజులు మాత్రం తెల్లవారకముందే తలంటు పోసేవారు. నరకచతుర్దశి నాడు, భోగి నాడు మా నాయనమ్మ ఒక చేత్తో నూనె గిన్నె, మరో చేత్తో దీపం పట్టుకొని పెరట్లోకి నడిచేది. ఆ దీపాన్ని గాలి తగలకుండా గోడగూట్లో పెట్టేవారు. నీటిచుక్క పడితే ఆరిపోతుంది కాబట్టి అది ఎప్పుడూ నీళ్ళకు దూరంగా, తల ఎత్తులో వుండేది. స్నానాల గది దీపానికి మొదటి సూత్రం ఆ గూడే నేర్పింది. దీపం నీటికి అందకూడదు, మనిషికి మాత్రం వెలుతురు అందాలి. ఆ తరువాత వచ్చిన దీపాలన్నీ ఈ సూత్రానికి లోబడినవే.

ఆ ప్రమిదలో ఎక్కువగా ఆముదమే పోసేవారు. నిదానంగా కాలుతుంది, పొగ తక్కువ. పందొమ్మిదవ శతాబ్దంలో మన దేశపు రైళ్ళలో సయితం ఆముదపు దీపాలు వాడారంటే దాని విలువ తెలుస్తుంది. తరువాత కిరసనాయిలు వచ్చింది. 1850ల నుండి ఐరోపా, అమెరికాలలో కిరసనాయిలు దీపాలు వ్యాపించాయి. కొన్ని దశాబ్దాలలో ఆ నూనె డబ్బాలు మన పల్లెటూళ్ళ దుకాణాలకు కూడా చేరాయి. రేకు బుడ్డి, గాజు చిమ్నీ దీపం, గాలికి ఆరని లాంతరు వరుసగా వచ్చాయి. పెరటికి, దొడ్డికి వెళ్ళేటప్పుడు లాంతరు పట్టుకొని వెళ్ళడం మనలో డెబ్బై దాటినవారందరికీ అనుభవమే. ఆ లాంతరును నేలమీదనే పెట్టేవాళ్ళం. అందువల్ల కాలు పెట్టే చోటు స్పష్టంగా కనబడేది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

కరెంటు వచ్చిన వేళ

ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్, అమెరికాలో థామస్ ఎడిసన్ 1879లో కర్బన తంతువుతో వెలిగే విద్యుద్దీపాలను చూపించారు. అదే సంవత్సరం కలకత్తాలో కూడా విద్యుద్దీపాన్ని ప్రదర్శించారు. ఆ నగరానికి 1899లో కరెంటు సరఫరా మొదలయింది. బెంగుళూరు వీధులలో 1905లో విద్యుద్దీపాలు వెలిగాయి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం 1920లో పనిచేయడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ళు నగరానికి వెలుగునిచ్చిన ఆ కట్టడాన్ని 1995లో పడగొట్టారు. కోస్తా జిల్లాలకు 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు పెద్ద ఆసరా అయింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టిన తరువాత పల్లెలకు స్తంభాలు త్వరగా నడిచి వచ్చాయి.

కరెంటు వచ్చినా అది ముందుగా వసారాకు, తరువాత వంటింటికి, చివరకు ఎప్పుడో స్నానాల గదికి చేరేది. ఆ రోజుల వైరింగు గుర్తుందా? గోడమీద టేకు బద్దలు కొట్టి, వాటిమీద తీగను రేకు క్లిప్పులతో బిగించేవారు. చివర నల్లటి బేకలైటు హోల్డరు. బేకలైటు అనేది 1907లో బేక్‌లాండ్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన పదార్థం. అది కరెంటును పోనివ్వదు, వేడికి కరగదు. బల్బు విషయంలో మనం బ్రిటిషువారి పద్ధతినే అనుసరించాము. అమెరికాలో బల్బును మరలాగా త్రిప్పి బిగిస్తారు, మనది రెండు పిన్నులున్న బల్బు. నొక్కి, కొంచెం త్రిప్పితే పట్టుకొంటుంది. నేటి ఎల్.ఇ.డి. బల్బులు కూడా మన మార్కెట్లో ఎక్కువగా ఆ పిన్నులతోనే వస్తున్నాయి.

స్విచ్చి సంగతి కూడా చెప్పుకోవాలి. బ్రిటనులో స్నానాల గది లోపల కప్పునుండి ఒక త్రాడు వ్రేలాడుతుంది, దానిని లాగితే దీపం వెలుగుతుంది. తడి చేయి స్విచ్చిని తాకరాదని ఆ ఏర్పాటు. మనవాళ్ళు అంతకంటె సులువుగా స్విచ్చిని తలుపు బయటే పెట్టారు. లోపల అన్నయ్య స్నానం చేస్తుంటే బయట తమ్ముడు దీపం ఆర్పివేసి పరుగెత్తడం, లోపలినుండి కేకలు వినబడడం, ఇవి లేని ఉమ్మడి కుటుంబం ఎక్కడుంది!

జీరో బల్బు మాయ

తంతువు బల్బు మొదట కర్బనంతో, 1910 తరువాత టంగ్‌స్టన్ తీగతో తయారయింది. 1913 నుండి బల్బులో వాయువు నింపసాగారు. 1924లో పెద్ద పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో కూడబలుక్కొని బల్బు ఆయుష్షు వెయ్యి గంటలకు మించకుండా కట్టడి చేసికొన్నాయి. ఇంతా చేస్తే ఆ బల్బు త్రాగిన కరెంటులో వెలుతురుగా మారేది నూటికి అయిదు పాళ్ళు మాత్రమే. మిగిలినదంతా వేడే. చన్నీళ్ళ తుంపర కాలిన బల్బుమీద పడితే టప్పున పగిలిపోవడం మనం చూసిందే.

మా ఆఫీసులో బల్బుకు కూడా స్టాకు రిజిస్టరు వుండేది. మాడిపోయిన బల్బు జమ చేస్తేనే క్రొత్తది ఇచ్చేవారు. ఆ రిజిస్టరు చాలా ఏళ్ళు నా చేతిలోనే వుంది. ఆ పొదుపు అలవాటు నాతోపాటు ఇంటికి కూడా వచ్చింది. వసారాలో నలభై, చదువుకొనే గదిలో అరవై, స్నానాల గదిలో జీరో బల్బు. ఆ చిన్న గదికి అంతకంటె ఎందుకని నా వాదన. పైగా జీరో బల్బుకు మీటరు చక్రం తిరగదని మనమందరం నమ్మేవాళ్ళం. పేరులోనే సున్నా వుంది గదా! నిజానికి అది సున్నా వాట్ల బల్బు కాదు. సుమారు 12 నుండి 15 వాట్లు త్రాగుతుంది. వెలుతురు మాత్రం గుడిలో అఖండ దీపమంత.

ట్యూబులైటు 1938లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. మన మధ్యతరగతి ఇళ్ళలో అది హాలుకు గౌరవ చిహ్నమయింది గాని స్నానాల గదికి ఎక్కువగా పోలేదు. నాలుగడుగుల గొట్టానికి ఆ గదిలో గోడ చాలదు. దాని చోకు, స్టార్టరు తేమకు త్వరగా పాడయ్యేవి. 1980ల నుండి మెలికల గొట్టాల సి.ఎఫ్.ఎల్. బల్బులు వచ్చాయి. కరెంటు బాగా ఆదా చేసేవి. అయితే స్నానాల గదికి వాటిలో ఒక లోపముంది. స్విచ్చి వేసిన వెంటనే పూర్తి వెలుతురు రాదు, కొంత సమయం పడుతుంది. పని పూర్తయి బయటకు వచ్చే వేళకు గది బాగా వెలిగేది! వాటిలో కొద్దిగా పాదరసం కూడా వుంటుంది కనుక పగిలితే జాగ్రత్త పడాలి.

ఎల్.ఇ.డి. కథ వేరు. ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో నిక్ హోలోన్యాక్ చేసి చూపించాడు. నీలి కాంతి దొరకనిదే తెల్లని వెలుతురు రాదు. దానికోసం ముప్పై ఏళ్ళు పట్టింది. అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు జపాను శాస్త్రజ్ఞులు ఆ పని సాధించి 2014లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. 2015 జనవరి 5న కేంద్ర ప్రభుత్వం చవకగా ఎల్.ఇ.డి. బల్బులు పంచే పథకం ప్రారంభించింది. దానికే తరువాత ఉజాలా అని పేరు పెట్టారు. 2014లో ప్రభుత్వ సంస్థ టోకున కొన్నప్పుడు 310 రూపాయలున్న బల్బు 2016కు 38 రూపాయలకు దిగింది. మన రాష్ట్రంలో పాత బల్బు ఇచ్చి క్రొత్తది తీసుకోమన్నప్పుడు నాకు మా స్టాకు రిజిస్టరు జ్ఞాపకం వచ్చి నవ్వుకొన్నాను.

నవ్వుకొన్నాను గాని, తెచ్చిన బల్బులు హాలుకు, వంటింటికి పెట్టి స్నానాల గదిలో జీరో బల్బును అలాగే వుంచాను. అది ఇంకా వెలుగుతున్నది గదా, మాడిపోనిది మార్చడమెందుకని.

2017లో ఒక తెల్లవారుజాము

మా ఆవిడ నాలుగున్నరకు లేచి స్నానాల గదికి వెళ్ళింది. గడప దగ్గర నేల అరంగుళం దిగువగా వుంటుంది. దానిపై రాత్రి నిలిచిన నీళ్ళున్నాయి. జీరో బల్బు ఆమె వెనుక, తలుపుపై గోడకు వున్నది. ఆమె నీడే ఆమె కాళ్ళముందు పడింది. నీళ్ళు కనబడలేదు. పడిన చప్పుడుకు నేను లేచాను. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, మూడు నెలల మంచం, ఆ పైన వాకరు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఒక రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చొని గుమాస్తా బుద్ధి కొద్దీ లెక్క వేశాను. 15 వాట్ల జీరో బల్బు రాత్రి 8 గంటలు వెలిగితే నెలకు 3.6 యూనిట్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. అంతే సేపు వెలిగితే 2.16 యూనిట్లు. వెలుతురు దాదాపు పది రెట్లు. అంటే నేను చేసినది పొదుపు కూడా కాదు. ఎక్కువ కరెంటు కాల్చి చీకటి కొనుక్కొన్నాను.

కంటి డాక్టరుగారు మరో సంగతి చెప్పారు. వయసు పెరిగే కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడి కంటి వెనుకకు చేరే వెలుతురులో సుమారు మూడో వంతు మాత్రమే అరవై దాటినవారికి చేరుతుందట. మనవడికి సరిపోయే దీపం మనకు సరిపోదు. ‘మాకు బాగానే కనబడుతోంది నాన్నగారూ’ అనే పిల్లలు ఈ మాట గ్రహించాలి.

దీపం మారుస్తుంటే బయటపడిన గుట్టు

ఆమె ఇంటికి వచ్చేలోగా దీపం మార్పించాలని ఒక అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. ఆయన స్విచ్చి ఆపి, హోల్డరుకు టెస్టరు పెట్టి చూస్తే అది వెలిగింది! ఇల్లు కట్టినప్పుడు వైరింగు చేసినవారు స్విచ్చిని ఫేజు తీగకు బదులు న్యూట్రల్ తీగమీద పెట్టారు. దీపం ఆరినా హోల్డరులో కరెంటు వుంటూనే వున్నదన్న మాట. ఆ గదిలో తడి చేతులతో స్టూలెక్కి ఎన్నిసార్లు బల్బు తుడిచానో తలచుకొంటే వెన్ను జలదరించింది. ఎండిన చర్మం కరెంటును కొంతవరకు అడ్డుకొంటుంది, తడిసిన చర్మం ఆ అడ్డు తొలగిస్తుంది. అందుకే వేరే గదిలో జిల్లుమని వదిలే కరెంటు స్నానాల గదిలో ప్రాణం తీస్తుంది.

దీనికి విరుగుడు 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జియెల్ అనే ఆచార్యుడు తయారు చేశాడు. వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా వున్నాయా అని ఈ పరికరం నిరంతరం లెక్క చూస్తుంది. తేడా వచ్చిందంటే ఎక్కడో మనిషి ఒంటిగుండానో, తడి గోడగుండానో భూమిలోకి పోతున్నదని గ్రహించి, రెప్పపాటులో సరఫరా ఆపివేస్తుంది. జమాఖర్చుల తేడా పట్టుకొనే ఆడిటరు వంటిది. ఇళ్ళలో వాడేది 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోతుంది. దుకాణంలో ఆర్.సి.సి.బి. అని అడగాలి. దానిమీద ‘టెస్ట్’ అని చిన్న మీట వుంటుంది. అప్పుడప్పుడు నొక్కి, అది పడుతున్నదో లేదో చూసుకోవాలి.

ఏ దీపం ఎన్నుకోవాలి

ఇంత చరిత్ర చెప్పి, ఎన్నిక సంగతి చెప్పకపోతే వ్యాసం అసంపూర్ణమవుతుంది. నాకు తెలిసినవి క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

మొదటిది, తేమ. 1976లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంస్థ దీపాల వంటి సామగ్రికి ఐ.పి. అనే గుర్తు, దాని ప్రక్కన రెండు అంకెలు నిర్ణయించింది. మొదటి అంకె దుమ్ము, పురుగుల సంగతి. రెండవది నీటి సంగతి. రెండవ అంకె 4 అయితే ఏ వైపునుండి నీళ్ళు చిందినా తట్టుకొంటుంది. 5 అయితే ధారగా పడినా తట్టుకొంటుంది. షవరుకు దూరంగా, ఎత్తులో వున్న దీపానికి ఐ.పి. 44 చాలు. షవరుకు పైన అయితే ఐ.పి. 65 మేలు. పెట్టెమీద ఈ గుర్తు లేని దీపాన్ని ఆ గదికి కొనవద్దు. అటక క్రింద కప్పు తక్కువ ఎత్తులో వున్న ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. చేయి చాపితే అందే చోట తెరచి వున్న హోల్డరు వుండనే కూడదు.

రెండవది, వెలుతురు. వాట్లు చూసి కొనే రోజులు పోయాయి. ఇప్పుడు ల్యూమెన్లు చూడాలి. పాత 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్ల వెలుతురునిచ్చేది. అయిదడుగులు ఏడడుగుల గదికి పెద్దవయసువారుంటే 900 నుండి 1200 దాకా వుండడం మంచిదని నా అనుభవం. అంటే 9 నుండి 12 వాట్ల ఎల్.ఇ.డి. సరిపోతుంది.

మూడవది, మిరుమిట్లు. వెలుతురు ఎక్కువ కావాలన్నాను గాని కంట్లో గుచ్చుకొనే దీపం వద్దు. పాలగాజు వంటి మూత వున్న గుండ్రని దీపం కప్పుకు బిగిస్తే వెలుతురు నాలుగు ప్రక్కలకూ సమంగా పరచుకొంటుంది. శుక్లాలు వున్నవారికి, నున్నని తెల్ల టైల్సు వున్న గదులకు ఇది తప్పనిసరి. రంగు విషయంలో 4000 కెల్విన్ అని వ్రాసివున్నది మధ్యస్థంగా వుంటుంది. 6500 మరీ నీలితెలుపు.

నాలుగవది, చోటు. దీపం మన వెనుక కాక, నేలమీద మన నీడ కాళ్ళముందు పడని చోట వుండాలి. గది నడిమి కప్పు ఉత్తమం. అద్దం దగ్గర గడ్డం గీసుకొనేవారికి అద్దంపైన వేరొక చిన్న దీపం కావాలి. కప్పు దీపం ఒక్కటే అయితే ముఖంమీద నీడ పడుతుంది.

అయిదవది, రాత్రి. నిద్రమధ్యలో లేచినప్పుడు పెద్ద దీపం వేస్తే కళ్ళు చెదరి, మళ్ళీ నిద్ర పట్టదు. అందుకు మంచం నుండి గడప దాకా నేలకు దగ్గరగా పసుపుపచ్చని చిన్న దీపం పెట్టుకోవాలి. మనిషి కదిలితే తానే వెలిగేవి కూడా దొరుకుతున్నాయి. మా పెరటి నేలమీద పెట్టిన లాంతరు చేసినది ఇదే పని. కరెంటు పోయినా కొంతసేపు వెలిగే బ్యాటరీ బల్బులు కూడా వున్నాయి. స్నానం మధ్యలో చీకటి పడడం మన వయసుకు మంచిది కాదు.

ఇక బల్బు మార్చడానికి మనం స్టూలెక్కవద్దు. ముందు మెయిను ఆపి, తరువాత పిల్లలనో, పనివానినో ఎక్కమనాలి. స్విచ్చి ఫేజుమీద వున్నదో లేదో ఒక్కసారి పరీక్ష చేయించండి. అయిదు నిమిషాల పని.

ఇప్పుడు మా స్నానాల గది కప్పుకు పాలరంగు మూతతో 12 వాట్ల దీపం వున్నది. గడప ప్రక్కన చిన్న పసుపు దీపం రాత్రంతా వెలుగుతుంది. మొదటి రోజు మా ఆవిడ కర్ర పట్టుకొని గడప దగ్గర నిలబడి, లోపలికి చూసి, ‘ఇన్నేళ్ళకు ఈ గదిలో నేల ఏ రంగో తెలిసింది’ అన్నది. ఆమె మాటలో దెప్పిపొడుపు లేదు, వున్న సంగతే చెప్పింది. అయినా నాకు నోటమాట రాలేదు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు అన్నారు. మిత్రులారా, ఈ సంచిక చదవడం ముగించి, మీ ఇంట్లో ఆ చిన్న గదికి వెళ్ళి ఒక్కసారి తలెత్తి చూడండి. అక్కడ జీరో బల్బు కనబడితే దానికి ఈ నెల పెన్షనులోనే పదవీ విరమణ ఇప్పించండి.